సువార్తల పాఠప్రామాణ్యము - త్రిసాక్షివాక్యవిచారము

క్రైస్తవులకుఁ బ్రమాణభూతములైన సువార్తలు నాలుగు. అవి మత్తయి, మార్కు, లూకా, యోహాను అను నలువురి పేరఁ బ్రసిద్ధములు. వీని ప్రామాణ్యమును గూర్చిన వాదములు తఱచుగా రెండు తీరుల నడచుచుండును. ఒక పక్షమువారు సువార్తలయందలి ప్రత్యక్షరము నీశ్వరప్రేరితమనియు, అందొక యక్షరము కదలినచో మతమే కదలుననియు నందురు. రెండవ పక్షమువారు అందుఁ గొన్ని వాక్యములు ప్రక్షిప్తములని తేలినంతనే గ్రంథమంతయుఁ గల్పితమనియు, దాని నాశ్రయించిన సిద్ధాంతమంతయు నిరాధారమనియు నందురు. ఈ రెండు వాదములకును అడుగున నున్న పొరపాటు ఒక్కటియే. వాక్యము మూలమున నుండెనా లేదా యనునది ఒక ప్రశ్న. గ్రంథమును రచించినవాఁ డెవఁడనునది రెండవ ప్రశ్న. ఆ గ్రంథము చెప్పు సిద్ధాంతము గ్రాహ్యమా త్యాజ్యమా యనునది మూఁడవ ప్రశ్న. మొదటి దానిని ప్రతులు నిర్ణయింపవలెను; రెండవ దానిని చరిత్ర నిర్ణయింపవలెను; మూఁడవది దర్శనశాస్త్రమునకుఁ జెందినది. ఒకదానికిఁ జెప్పిన యుత్తరము వేఱొకదానికిఁ జెల్లదు.

సంస్కృతాంధ్రగ్రంథములను బరిష్కరించు పండితులకుఁ బాఠాంతరము, ప్రక్షిప్తము, గ్రంథపాతము, లేఖకప్రమాదము అను మాటలు నిత్యపరిచితములు. యూరపుఖండమునఁ గ్రైస్తవగ్రంథములయం దీ విచారము నాలుగు శతాబ్దములకుఁ బైఁబడి జరిగినది. దానిని నడపినవారిలోఁ బెక్కురు క్రైస్తవులే యనుట గమనింపఁదగినది. ఆ విచారముయొక్క ఫలము లిందు సంగ్రహముగాఁ జెప్పఁబడును. వానిలో వ్యాకరణమునకు మిక్కిలి సంబంధించిన త్రిసాక్షివాక్యము మాత్రము విస్తరముగాఁ బరిశీలింపఁబడును.

కర్తృనామములు

ప్రాచీనప్రతులలో నీ గ్రంథముల శీర్షికలు 'మత్తయి ననుసరించి', 'మార్కు ననుసరించి' యను తీరున నున్నవి. గ్రంథశరీరమున మాత్రము కర్త తన పేరెచ్చటను జెప్పుకొనలేదు. లూకా సువార్తకుఁ గల పీఠికలోఁ గర్త తనకుఁ బూర్వమే పలువు రీ కథను వ్రాసిరనియు, ప్రత్యక్షముగాఁ జూచినవారు చెప్పినదానిని దాను విచారించి కూర్చుచున్నాఁడనియుఁ దెలిపెను. కనుక నాతఁడు ప్రత్యక్షసాక్షి కాఁడని యాతని మాటవలననే తేలుచున్నది. యోహాను సువార్త చివర నా విషయములను వ్రాసినది యేసునకుఁ బ్రియుఁడైన శిష్యుఁడని యున్నది. కాని యచ్చట వక్తలు 'మేము' అని బహువచనమునఁ బలుకుచు, ఆ శిష్యుని 'ఆతఁడు' అని ప్రథమపురుషమునఁ జెప్పుచున్నారు. ఈ పురుషభేదమునుబట్టి యా తుదిమాట శిష్యుని నెఱిఁగిన వేఱొక సమూహముచేఁ జేర్పఁబడినదని పెక్కురు విమర్శకు లూహించిరి.

నాలుగు సువార్తలను నలువురి పేర్లతోడను స్పష్టముగా నెన్నినవారిలో లియాను పట్టణపు బిషప్పగు ఇరేనియసు ప్రధానుఁడు. ఆతఁడు క్రీ. శ. 180 ప్రాంతమున వ్రాసెను. అంతకుఁ బూర్వుఁడైన పాపియసు, మార్కు పేతురునకు దుబాసీగా నుండి వినిన దానిని వరుస తప్పినను దప్పులు లేకుండ వ్రాసెననియు, మత్తయి హీబ్రూభాషలోఁ బ్రభువుయొక్క వచనములను గూర్చెననియుఁ జెప్పెనని నాలుగవ శతాబ్ది చరిత్రకారుఁడగు యుసీబియసు ఉదాహరించెను. పాపియసు గ్రంథము నేఁడు లభింపదు. ఇప్పుడున్న మత్తయి సువార్త గ్రీకుననే రచింపఁబడినట్లు కానవచ్చుచున్నది. మార్కు సువార్తలోని విషయమునందు సుమారు తొమ్మిది పాళ్లు దానియందుఁ జేరియున్నది. చూచినవాఁడు చూడనివాని గ్రంథము నింతగా ననుసరించుట యరుదు. ఇట్టి కారణములచేత మార్కు సువార్త క్రీ. శ. 70 ప్రాంతముననియు, మత్తయి లూకా సువార్తలు 80, 90 ప్రాంతములననియు, యోహాను సువార్త శతాబ్ద్యంతముననియు బహుసమ్మతమైన నిర్ణయము.

కావునఁ గర్తృనామము లైతిహ్యసిద్ధములే కాని గ్రంథసిద్ధములు కావు. కాని కర్త పేరు తెలియనంతమాత్రమున గ్రంథము కల్పితమని చెప్పరాదు. అట్లు చెప్పినచో సంస్కృతవాఙ్మయమునఁ బెక్కు గ్రంథములు నిలువవు.

ప్రతులు

సువార్తల మూలప్రతులు నశించినవి. నేఁడున్నవి ప్రతులకుఁ బ్రతులు. గ్రీకుభాషలోఁ గ్రొత్తనిబంధనకు సంబంధించిన చేతివ్రాతలు, తునుకలతోఁ గూడ, ఐదువేలకు మించినవి. 1935లోఁ బ్రకటింపఁబడి యిప్పుడు మాంచెస్టరునందున్న పపైరసు తునుక యొకటి యోహాను సువార్తలోని కొన్ని పఙ్క్తులు కలది. అది రెండవ శతాబ్ది పూర్వార్ధమునకుఁ జెందినదని మొదట నిర్ణయించిరి. లిపినిబట్టి యంత సన్నిహితముగాఁ గాలము చెప్పరాదనియు, అది యా శతాబ్ద్యంతమునకో మూఁడవ శతాబ్దికో చెందవచ్చుననియుఁ దరువాతి విమర్శకులు చెప్పిరి. సంపూర్ణప్రాయములైన ప్రాచీనప్రతులు రెండు. రోమునందలి వాటికను గ్రంథాలయమున నున్నది యొకటి. సీనాయి పర్వతపాదమున నున్న సెయింటు కాథరిను మఠమున జర్మను పండితుఁడగు టిషెండార్ఫు కనుఁగొన్నది రెండవది. ఆతఁడు 1844లో నా ప్రతినుండి 43 పత్రములను దెచ్చెను. 1859లోఁ దక్కిన భాగమును జూచెను. అది రష్యా చక్రవర్తి యధీనమై, 1933లో సోవియటు ప్రభుత్వమువారిచే బ్రిటిషు మ్యూజియమునకు లక్షపౌనులకు విక్రయింపఁబడెను. ఈ రెండు ప్రతులును నాలుగవ శతాబ్దివి.

1707లో జాను మిల్లు అను నాంగ్లేయపండితుఁడు ముప్పదియేండ్లు పాటుపడి క్రొత్తనిబంధనను బ్రకటించి, అందు సుమారు ముప్పదివేల పాఠాంతరములను జూపెను. మతము చెడినదని కొందఱు భయపడిరి. మతము తప్పని తేలినదని కొందఱు సంతసించిరి. వారికి రిచర్డు బెంట్లీ 1713లోఁ జెప్పిన సమాధానము గ్రంథపరిష్కర్తల కందఱకును శిరోధార్యము. ఒక్క ప్రతియే మిగిలిన గ్రంథమునకుఁ బాఠాంతరము లుండవు. కాని దానియందలి తప్పులను దిద్దుటకు సాధనమును ఉండదు. ప్రతులు పెరిగినకొలఁది పాఠాంతరములు పెరుగును. పాఠాంతరములు పెరిగినకొలఁది మూలమును సాధించు మార్గమును సుగమ మగును. ఇది యాతని వాదసారము.

మార్కు సువార్త తుదిభాగము

సువార్తలయందలి పాఠభేదములలోఁ బెద్దవి రెండు. మార్కు సువార్త పదునాఱవ యధ్యాయమున 9 మొదలు 20 వఱకుఁ గల పండ్రెండు వాక్యములు వానిలో మొదటిది. సీనాయి ప్రతియు వాటికను ప్రతియు ఎనిమిదవ వాక్యముతో ముగియుచున్నవి. సమాధియొద్దకుఁ బోయిన స్త్రీలు భయపడి యెవ్వరితోడను నేమియుఁ జెప్పకపోయిరనుట యచ్చట తుదిమాట. నమ్మదగిన ప్రతులలోఁ దరువాతి భాగము లేదని యుసీబియసు చెప్పెను. జెరోమును గ్రీకుప్రతులలోఁ బెక్కింట నది లేదనెను. మఱికొన్ని ప్రతులలో వేఱొక చిన్నముగింపు గలదు. అయినను ఇరేనియసు ఈ భాగమునుండి యొక వాక్యమును మార్కు పేరనే యుదాహరించెను గావున, రెండవ శతాబ్దిలోనే యిది చేరెననుటయు నిశ్చయము.

ఎనిమిదవ వాక్యము గ్రీకున 'గార్' అను నవ్యయముతో ముగియుచున్నది. ఈ యవ్యయము సంస్కృతమునందలి 'హి' శబ్దమువంటిది. హేతువును దెలుపును, వాక్యాదిని నిలువదు. అట్టి యవ్యయముతో గ్రంథ మంతము కానేరదని కొందఱు వాదించిరి. కాని రెండే పదములుగల వాక్యమున నాదిని నిలువని పదము తుదినే నిలువవలెనుగదా. ప్లొటైనసు అను తత్త్వవేత్త ప్రకరణ మొకటి యీ యవ్యయముతోనే ముగియుచున్నదని తరువాతివారు చూపిరి. కావున వ్యాకరణము ముగింపునకు బాధకము కాదు. గ్రంథకర్త యచ్చటనే ముగించెనా, చివరిపత్రము చినిఁగినదా యనునది మాత్ర మనిశ్చితముగా నున్నది.

ఇది పండితులకుమాత్రమే చెందిన చర్చ యనుకొనరాదు. విశ్వాసులు పాములను బట్టుదురనియు, విషము త్రాగినను వారికి హాని కలుగదనియుఁ జెప్పు మాట లీ పండ్రెండు వాక్యములలోనివే. అమెరికాదేశపుఁ గొండసీమలలోఁ గొన్ని సంఘములవా రీ మాటల నాజ్ఞగాఁ దీసికొని యారాధనయందు విషసర్పములను జేతఁ బట్టుచుందురు. ఆ యాచారమును వ్యాపింపఁజేసిన జార్జి హెన్స్లీ యనునాతఁడు 1955లోఁ బాముకాటుననే మరణించెను. ఒక ప్రతియందలి పఙ్క్తులు మూలములా కావా యను విచారమున నొక్కొకప్పుడు ప్రాణములే యిమిడియుండును.

వ్యభిచారిణికథ

రెండవది యోహాను సువార్త యెనిమిదవ యధ్యాయారంభమున నున్న వ్యభిచారిణికథ. పాపము లేనివాఁడే మొదటి ఱాయి వేయవలెనని యేసు పలికినట్లున్న యీ కథ క్రైస్తవేతరులకును బ్రియమైనది. కాని సీనాయి, వాటికను ప్రతులలోనిది లేదు. వానికంటెఁ బ్రాచీనములని సామాన్యముగా నెన్నఁబడు రెండు పపైరసుప్రతులలోను లేదు. దీనిని గలిగిన గ్రీకుప్రతులలో మొదటిది, బేజా యను పండితుఁడు 1581లోఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కొసఁగిన ప్రతి. అది యైదవ శతాబ్ది ప్రాంతముది. కొన్ని ప్రతులలో నీ కథ యోహాను సువార్త చివరను, కొన్నిటిలో లూకా సువార్త యిరువదియొకటవ యధ్యాయాంతమునను గానవచ్చుచున్నది. ఒకే ఖండము పలుచోట్లఁ దిరుగుట, స్థానము లేక వచ్చిచేరినదానికి లక్షణమని పరిష్కర్త లెఱుఁగుదురు. శైలియు భిన్నము. యోహాను కథనమును 'ఊన్' అను నవ్యయముతోఁ గూర్చుచుండఁగా, నీ ఖండమున 'దే' యనునదియే పదేపదే వచ్చుచున్నది.

భార్యలు దీనిని జదివి నిర్భయలగుదురను శంకతోఁ గొందఱు తమ ప్రతులనుండి తీసివేసిరని అగస్టీను తలంచెను. ఆ హేతువు కొన్ని ప్రతులకుఁ జెల్లునేమో కాని, ప్రాచీనప్రతు లన్నిటికిని, దీనిని స్పృశింపని గ్రీకువ్యాఖ్యాత లందఱకును జెల్లదు. పండ్రెండవ శతాబ్దియందు దీనిపై వ్రాసిన జిగాబెనసు కూడ మేలైన ప్రతులలో నిది లేదనియే చెప్పెను. మఱియొక వంక నాలుగవ శతాబ్దివాఁడైన డిడిమసు ఇట్టి కథ కొన్ని సువార్తలలోఁ గలదని యెఱుఁగును. కావున నిది ప్రాచీనమైన యైతిహ్యమే; యోహాను రచన మాత్రము కాదు. భారతమును వ్యాసుఁడు చెప్పఁగా గణపతి వ్రాసెనను కథ లోకమున నెంత ప్రసిద్ధమో, పూనాయందు 1919లో నారంభింపఁబడి 1966లో ముగిసిన సంశోధితప్రతి దానిని మూలమునుండి తొలఁగించి యనుబంధమునఁ జేర్చుటయు నంత ప్రసిద్ధము. ప్రియమైన దంతయు మూలము కాదు.

త్రిసాక్షివాక్యము

పైరెండును సువార్తలలోనివి. సిద్ధాంతముతో నేరుగా ముడిపడిన ప్రక్షేపము యోహాను మొదటి లేఖ యైదవ యధ్యాయమున నున్నది. ప్రాచీనపాఠమునందు ఆత్మ, నీరు, రక్తము అను మూఁడును సాక్ష్యమిచ్చుచున్నవనియు, ఆ మూఁటికి నైకమత్యము గలదనియు మాత్రమే కలదు. దీర్ఘపాఠమునందో, పరలోకమున సాక్ష్యమిచ్చువారు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ యను మువ్వురనియు, ఆ మువ్వురును ఒక్కటియే యనియు నొక భాగము చేరి, తక్కిన మూఁడును భూలోకసాక్షులుగాఁ జెప్పఁబడినవి. క్రొత్తనిబంధనయందుఁ ద్రిత్వసిద్ధాంతము నింత సూత్రప్రాయముగాఁ జెప్పు వాక్యము వేఱొకటి లేదు.

ప్రతులసాక్ష్యము స్పష్టము. పదునాలుగవ శతాబ్దికిఁ బూర్వము వ్రాయఁబడిన గ్రీకుప్రతి యొక్కదాని మూలమునను నీ దీర్ఘపాఠము లేదు. దీనిని గల గ్రీకుప్రతులు మూలమునఁ గలవియు నంచునఁ గలవియుఁ గలిపి సుమారు పది. అంచున నున్నచోట్ల నది పిమ్మటి లేఖకుని చేవ్రాలు. సిరియను, కోప్టు, ఆర్మీనియను, ఇథియోపియను భాషల ప్రాచీనానువాదములలో నిది లేదు. లాటినునఁ గూడ 546 ప్రాంతపుఁ బుల్డా ప్రతియందును, ఎనిమిదవ శతాబ్ద్యారంభపు అమియాటినసు ప్రతియందును లేదు.

అనువాదము మూలపాఠమునకు సాక్షి యగుట యాంధ్రులకుఁ గొత్త కాదు. సుక్తంకరు పండితుఁడు 1933లో భారతాదిపర్వమును బరిష్కరించుచు, పదునొకండవ శతాబ్దివాఁడగు నన్నయభట్టు నాంధ్రానువాదమును సంస్కృతపాఠనిర్ణయమునకు సాధనములలో నొకటిగాఁ గైకొనెను. అనువాదకుఁడు చూచిన ప్రతి నశించినను దాని నీడ యనువాదమున నిలుచును. ఇన్ని భాషల యనువాదకులలో నొక్కఁడును జూడని వాక్యము వారి ప్రతులలో లేదనుటయే యుక్తము.

ఈ వాక్య మెచ్చట పుట్టెను? లాటినుదేశములఁ బుట్టెను. కార్తేజి బిషప్పైన సిప్రియను మూఁడవ శతాబ్దిలోఁ ద్రిత్వమును జెప్పుచు, ఆ మువ్వు రొక్కటియే యని వ్రాయఁబడియున్నదనెను. కాని యది యాత్మజలరక్తములకుఁ జేసిన యర్థకల్పనయా, దీర్ఘపాఠముయొక్క యుదాహరణమా యనుట వివాదగ్రస్తము. అగస్టీను మాత్రము ఆ మూఁడు పదములకును తండ్రి, కుమారుఁడు, ఆత్మ యని యర్థము చెప్పెను. దీర్ఘపాఠము స్పష్టముగాఁ గానవచ్చునది నాలుగవ శతాబ్ద్యంతమున స్పెయినుదేశమున, 385లో మరణదండన నొందిన ప్రిసిల్లియనుకో యాతని శిష్యునకో చెందిన గ్రంథమునందు. 484లో ఏరియసు మతస్థుఁడైన వాండలు రాజు హునెరికు కాలమునఁ గార్తేజియందు బిషప్పు లొసఁగిన విశ్వాసపత్రమున నిది ప్రమాణముగాఁ జూపఁబడెను. దీనినిబట్టి క్రమము తెలియుచున్నది. మొదట వాక్యము, పిదప దానికి వ్యాఖ్య, ఆ వ్యాఖ్య ప్రతియంచున టిప్పణి, తరువాతి లేఖకుఁడు దానిని గ్రంథపాతమని భ్రమించి మూలమునఁ జేర్చుట. ఇందు వంచనకంటె భ్రాంతియే యెక్కువ.

ఈ క్రమము వైయాకరణులకుఁ జిరపరిచితము. మహాభాష్యమున వార్తికములుగా నున్నవి కొన్ని కాశికావృత్తియందలి సూత్రపాఠమున సూత్రములైనవి. వ్యాఖ్యాతలే దానిని సూచించిరి. అందుచేతఁ బాణినీయము కల్పితమని యెవ్వరు నన్నవారు లేరు. ఆ సూత్రములు పాణినివని సాధింపఁబూనినవారును లేరు.

ముద్రణకాలమున నీ వాక్యము చరిత్ర విచిత్రమైనది. ఎరాస్మసు 1516లో బేసెలునందు గ్రీకు క్రొత్తనిబంధనను బ్రకటించుచు, గ్రీకుప్రతులలోఁ గానరానందున దీనిని విడిచెను. 1519 నాఁటి రెండవ కూర్పునను విడిచెను. ఆంగ్లేయుఁడగు లీయును, స్పెయినువాఁడగు స్తూనికాయు నాతనిఁ దూషించిరి. తరువాత నింగ్లండున దీనిని గల గ్రీకుప్రతి యొకటి కానవచ్చెను. 1522లోఁ దన మూఁడవ కూర్పున నాతఁడు దీనిని జేర్చి, నిందకుఁ దావు లేకుండుటకై చేర్చితిననియు, ఆ ప్రతి లాటినును జూచి దిద్దఁబడినదని యనుమానించుచున్నాననియు వ్యాఖ్యలోఁ దెలిపెను. ఒక్క గ్రీకుప్రతి చూపినచోఁ జేర్తునని యాతఁడు పందెము వేసినట్లు లోకమున నొక కథ గలదు. డి యాంగు అను డచ్చి పండితుఁడు 1980లో నాతని రచనలను బరిశీలించి, దాని కాధారము లేదని చూపెను. ప్రక్షేపమును ఖండించు కథయందే యొక ప్రక్షేపము చేరుట విమర్శకులకు హెచ్చరిక.

ఆ ప్రతి నేఁడు డబ్లినునందున్నది. పదునాఱవ శతాబ్ద్యారంభమున వ్రాసినది. అందలి దీర్ఘపాఠమునఁ దండ్రి, వాక్యము, ఆత్మ యను పదములకు ముందు గ్రీకునకు సహజమైన నిర్దేశకపదము లేదు. గ్రీకున విశేష్యమునకు ముందు 'ఆ' యను నర్థమునఁ జిన్నపద మొకటి వచ్చును. లాటినున నది లేదు. లాటినును మాటకు మాటగా గ్రీకునకుఁ దిప్పినవాని జాడ యిచ్చటఁ దెలియుచున్నది. అయినను ఎరాస్మసు మూఁడవ కూర్పునుండి యీ వాక్యము తరువాతి ముద్రణములకును, 1611 నాఁటి యింగ్లీషు బైబిలునకును సంక్రమించెను.

లింగవ్యత్యయవిచారము

దీర్ఘపాఠపక్షమువా రొక వ్యాకరణయుక్తిని జూపుదురు. గ్రీకున ఆత్మ, నీరు, రక్తము అను మూఁడు పదములును నపుంసకలింగములు. అట్లుండ సాక్ష్యమిచ్చువారు ముగ్గురను పదములు పుంలింగమున నున్నవి. ఈ లింగవ్యత్యయ మెట్లు సంభవించును? తండ్రి, వాక్యము అను పుంలింగపదములు ముందుండుటచేతనే సంభవించునని 1780లో యూజినియసు బల్గారిసు అను గ్రీకుపండితుఁడు వాదించెను. గ్రీకు నెఱిఁగినవాని వాదమగుటచే నిది యుపేక్షింపఁదగినది కాదు.

దీనికి సమాధానములు మూఁడు. మొదటిది, సాక్షిత్వము చేతనధర్మము. అచేతనములకు దానిని గల్పించినప్పుడు శబ్దలింగమును విడిచి యర్థలింగమును గైకొనుట భాషలయందు సహజము. లింగము లోకవ్యవహారాధీనమని పతంజలియుఁ జెప్పెను. తెలుఁగుననే దీనికి నిదర్శనము గలదు. మహద్వాచకములకు 'ముగ్గురు', అమహద్వాచకములకు 'మూఁడు' అనుట నియమము. అయినను నేల, నింగి, నీరు ఈ ముగ్గురును సాక్షులని యొకఁడనినచో నెవ్వఁడును దప్పుపట్టఁడు. ఆ 'ముగ్గురు'ను సాధించుటకై ముందు వాక్యమున ముగ్గురు పురుషులుండవలెనని యెవ్వఁడును నూహింపఁడు.

రెండవది, ఆ యుక్తి వాదికే ప్రతికూలము. దీర్ఘపాఠమునను నీరు, రక్తము, ఆత్మలకు వెంటనే ముందున్నది మరల పుంలింగపదమే. ముందటి వాక్యమునందలి పుంలింగము రెండవ వాక్యమునఁ గూడ ననువర్తించుననినచో, వ్యత్యయము తొలఁగలేదు. సమాధానము మాత్రమే మాఱినది.

మూఁడవది యన్నిటికంటె బలవత్తరము. ఈ లింగవ్యత్యయమును నాలుగవ శతాబ్దిలోనే నాజియాంజసు గ్రెగరి గమనించెను. ఆతఁడు గ్రీకుభాషావిశారదుఁడు, త్రిత్వసిద్ధాంతస్థాపకులలో నగ్రేసరుఁడు. పరిశుద్ధాత్మను గూర్చిన యుపన్యాసమునఁ బ్రతివాదులను ఖండించుచు, యోహాను ముందుఁ బుంలింగసంఖ్యను జెప్పి పిదప నపుంసకపదములను జేర్చెననియు, వ్యాకరణనియమము నట్లు దాఁటెననియు నుదాహరించెను. దీర్ఘపాఠ మాతని ప్రతియందున్నచో, త్రిత్వమును స్థాపించుటకే నిలిచినవాఁడు, ఆ వాక్యమునే స్పృశించుచు, త్రిత్వమును జెప్పు భాగమును విడిచి వ్యాకరణదోషమును మాత్ర మెత్తిచూపునా? ఆతని మౌనము సామాన్యమౌనము కాదు. ఆ చోటనే నిలిచి పలికినవాని మౌనము.

లేఖకుని దృష్టి మొదటి 'సాక్ష్యమిచ్చువారు' నుండి రెండవ దానికి దాఁటుటచే నడుమ పఙ్క్తి జాఱినదని మఱికొంద ఱందురు. అట్టి ప్రమాదము ఒక ప్రతియందు జరుగవచ్చును. గ్రీకుదేశమున, సిరియాలో, ఈజిప్టున, ఆర్మీనియాలో నన్ని ప్రతులయందు నొకేచోట జరుగుట సంభావ్యము కాదు.

సిద్ధాంతముతోడి సంబంధము

ఇంతవఱకుఁ దేలినదానినిబట్టి త్రిత్వసిద్ధాంత మీ వాక్యమువలనఁ బుట్టలేదు. ఈ వాక్యమే యా సిద్ధాంతమువలనఁ బుట్టినది. త్రయమను నర్థముగల గ్రీకుపదమును 180 ప్రాంతమున అంటియొకయ థియొఫిలసును, లాటినుపదమును మూఁడవ శతాబ్ద్యారంభమున టెర్టులియనును వాడిరి. కుమారుఁడు సృష్టింపఁబడినవాఁడని ఏరియసు చెప్పఁగా, 325లో నీకయాయందుఁ గూడిన సభ కుమారుఁడు తండ్రితోడ నేకతత్త్వముగలవాఁడని నిర్ణయించెను. 381లోఁ గాన్స్టాంటినోపిలు సభ యాత్మవిషయమును స్థిరపఱచెను. నీకయాసభవారు వాడిన 'ఏకతత్త్వ'వాచకమైన పదము సువార్తలయం దెచ్చటను లేదు. అథనేషియసు మొదలగువారు దానిని యుక్తిచేతను, వేఱువాక్యముల యర్థసమన్వయముచేతను సాధించిరి. త్రిసాక్షివాక్యము వారి చేతనున్నచో దానిని మొదట వాడెడివారు.

కావున నీ వాక్యము తొలఁగినంతనే త్రిత్వము తొలఁగునను నాక్షేపము చెల్లదు. అది వాక్యము లేనినాఁడే నిలిచినది. కాని దీనివలన మఱియొక విషయము స్పష్టమగుచున్నది. ఆ సిద్ధాంతము శబ్దప్రమాణమున యథాశ్రుతముగా సిద్ధించినది కాదు. సమన్వయముచేతను సభానిర్ణయముచేతను సిద్ధించినది. వేదాంతవాక్యములకు మతాచార్యులు వేర్వేఱు భాష్యములు రచించినట్లే యిదియు నొక భాష్యము. భాష్యమును భాష్యముగా గ్రహించినంతవఱకు వాదము శాంతముగా నడచును. భాష్యము మూలమైనప్పుడు భిన్నాభిప్రాయము దోష మగును, దోషము దండ్య మగును.

ఇది యూహ కాదు. త్రిత్వమును ఖండించిన మైకేలు సర్వీటసు అను స్పెయినుదేశపు వైద్యుఁడు 1553లో జెనీవానగరమున సజీవుఁడుగా దహింపఁబడెను. ఇంగ్లండున 1689 నాఁటి మతసహనశాసనము త్రిత్వమును నిరాకరించువారికి రక్షణ మొసఁగలేదు. ఆ నిషేధము 1813లోఁ గాని తొలఁగలేదు. ఐజాకు న్యూటను త్రిసాక్షివాక్యమును, తిమోతి లేఖలోని మఱియొక వాక్యమును బరీక్షించి 1690లో లాకునకు వ్రాసి పంపి, పిదప దాని ముద్రణమును దానే నిలిపించెను. 1727లో నాతఁడు మరణించిన తరువాత 1754లో నది వెలువడెను. ఆ రెండవ వాక్యమునం దొక ప్రతికిని వేఱొక ప్రతికిని భేదము చిన్నగీఁతలలోనే యున్నది. అవి యున్నచో 'దేవుఁడు' అని యర్థము, లేనిచో 'ఎవఁడు' అని యర్థము. అంతటి ప్రజ్ఞాశాలి యిట్టి గీఁతలను గూర్చి నోరు మెదప వెఱచెననుట యా కాలముయొక్క స్థితిని దెలుపును.

చరిత్రకారుఁడు గిబ్బను 1781లో నీ వాక్యమును బ్రక్షిప్తమనఁగా ట్రావిసు అను మతాధికారి యాతని నెదిర్చెను. రిచర్డు పోర్సను 1790లోఁ బ్రకటించిన లేఖలచే ట్రావిసు వాదము నిలువలేకపోయెను. 1881 నాఁటి సవరించిన యింగ్లీషు క్రొత్తనిబంధన యీ భాగమును విడిచెను. రోమునందలి మతవిచారణాధికారులు 1897లో దీని ప్రామాణ్యమును నిరాకరింపరాదనిరి. 1927లోఁ బండితులు విచారించి వ్యతిరేకముగాఁ దలంపవచ్చునని దానిని సడలించిరి. 1979లో రోమాచార్యుని యనుమతితో వెలువడిన క్రొత్త లాటినుపాఠమున నిది లేదు.

ఆంధ్రానువాదములు

తెలుఁగునఁ గ్రైస్తవగ్రంథముల ముద్రణ ప్రాచీనమైనదే. విశాఖపట్టణమున నుండి 1810లో మరణించిన డెగ్రాంజెసు అను పాదిరి, ఆనందరాయఁడను బ్రాహ్మణక్రైస్తవుని సాహాయ్యమున ననువదించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రింపఁబడినవి. నేఁడు ప్రచారమునందున్న తెలుఁగు బైబిలులో మార్కు సువార్త దీర్ఘముగింపును, వ్యభిచారిణికథయుఁ గలవు. త్రిసాక్షివాక్యముయొక్క దీర్ఘభాగము మాత్రము లేదు. అందలి 'ముగ్గురు' అను పదము పైఁజెప్పిన లింగవ్యత్యయమును యథాతథముగా నిలుపుకొనియున్నది. చదువరులలోఁ బెక్కురు దీని నెఱుఁగకయే దాని ననుభవించుచున్నారు.

ఈ విచారమువలనఁ దేలిన యంశము లివి. సువార్తల కర్తృనామములు ఐతిహ్యసిద్ధములు. వానియందు ప్రక్షేపములు గలవు. అవి యేవో ప్రతులే చూపుచున్నవి. ప్రక్షేపములను దొలఁగించినను గ్రంథములు నిలుచుచున్నవి. నిలిచిన గ్రంథముల సిద్ధాంతము సత్యమా కాదా యను ప్రశ్న మాత్రము పాఠపరిష్కారముచేఁ దీరునది కాదు. పరమతగ్రంథములయందు ప్రక్షేపములను వెదకువారు తమ పురాణేతిహాసములయందు వానిని దాఁచుట న్యాయము కాదు. తమ గ్రంథములయందలి వానిని దాఁచువారికి పరులవానిని జూపుట కధికారమును లేదు. కాళిదాసుని పేరఁ జెల్లు సర్గములలో మల్లినాథుఁడు వ్యాఖ్యానింపక విడిచినవి గలవు. ఆ వివేచనమువలనఁ గాళిదాసుని కీర్తి తఱుగలేదు. తూనికఱాయి యెల్లవారికి నొక్కటియే కావలెను. అట్టి తూనికకు నిలిచినంతయు నిలుచును. నిలువనిదానిని నిలుపఁబూనుట యే మతమునకును గౌరవము కాదు.